మ్యాచ్‌కు ముందు మా అన్న చెప్పిన మాట

పెళ్ళి కొనుగోళ్ళకు సిద్దిపేటలో చాలామంది నన్ను వెంట తీసుకుపోతారు. చుట్టరికం ఉండి కాదు, బేరం చేయడానికి. నేను చీరల దుకాణం మెట్లెక్కితే సేటు ముందుగానే మంచినీళ్ళు తాగి కూర్చుంటాడని నాకొక పేరుంది. నిజానికి నేను తగ్గించేదాంట్లో సగం, నన్ను చూడగానే సేటు పెంచి చెప్పిందే. ఈ సంగతి సేటుకు తెలుసు, నాకు తెలుసు. తీసుకుపోయినవాళ్ళకు తెలియదు కాబట్టి తిరిగి వచ్చేటప్పుడు మిర్చీబజ్జీలు తినిపిస్తారు. ఈ మధ్య ఆ మెట్లెక్కడానికి మోకాళ్ళు ఒప్పుకోవడం లేదు. నోరు అంతకంటే ఒప్పుకోవడం లేదు. నచ్చిన చీరను పక్కకు తోసేసి "గిదేం రంగు" అనడానికి కూడా ఓపిక కావాలి కదా.

నేను పుట్టి పెరిగింది స్టీలు సామాన్ల దుకాణంలో. నాయిన తర్వాత దాన్ని మా అన్న నడుపుతున్నాడు. పెళ్ళయి రెండు గల్లీల అవతలికి పోయినా, మధ్యాహ్నం వంటిల్లు సర్దేసి వచ్చి పొద్దుగూకేదాకా అందులోనే కూర్చుంటాను. ఒక పక్క బట్టల దుకాణం, ఇంకో పక్క కిరాణం, ఎదురుగా గాజుల దుకాణం. మా బజారు పిల్లలకు అక్షరాల కంటే ముందు వచ్చే చదువు ఒకటుంది: కావలసినదాన్ని మెచ్చుకోకూడదు. గంగాళం నచ్చిన ఆడమనిషి దాన్ని వేలి కణుపుతో కొట్టి చూసి, "గింత పల్చగున్నదేంది, పొయ్యి మీద పెడితె కాయితం లెక్క కాలేటట్టున్నది" అంటుంది. అలా అన్నదంటే కొంటుందన్నమాట. "మంచిగుందే" అని నవ్వి పోయిన మనిషి మళ్ళీ రాదు. అమ్మేవాళ్ళ సంగతీ అంతే. దుకాణం నిండా జనం ఉన్నప్పుడు ఎవరైనా గిరాకీ ఎట్లుందని అడిగితే, మా అన్న పొట్లం కడుతూ కడుతూనే, "ఏం గిరాకి, ఈగలు కొట్టుకుంట కూసున్నం" అంటాడు.

పిల్లల విషయంలోనూ మాది ఇదే భాష. మా అన్న బిడ్డ పుట్టినప్పుడు మా అవ్వ ఆ పసిగుడ్డును ఒళ్ళో పెట్టుకుని, "ముక్కు బండగున్నది, రంగు గూడ తక్వనే" అన్నది. అని, సాయంత్రం దాకా ఎవరి చేతికీ ఇవ్వలేదు. ఆ పిల్లకు పదో తరగతిలో మంచి మార్కులు వస్తే మా అన్న పక్కింటి పిల్లకు ఎన్ని వచ్చాయని అడిగాడు. అడిగి, ఎవరికీ చెప్పకుండా పోయి జిలేబీ తెచ్చాడు. మేము దాన్ని మెచ్చుకోవడమనే అనుకుంటాం.

ఆ పిల్ల, అంటే నా మేనకోడలు, కబడ్డీ ఆడేది. డిగ్రీలో చేరాక వాళ్ళ ఆటల సారు, పట్టుకున్నా ఆగకుండా ఉరికేవాళ్ళు కావాలని ఏరి, రగ్బీలో పెట్టాడు. మా ఇంట్లో ఆ పేరు నోరు తిరగడానికే కొన్నాళ్ళు పట్టింది. ఆట మాత్రం నేను ఫోన్లో చూసి నేర్చుకున్నాను. బంతేమో ఎవరో కింద పడేస్తే సొట్టపోయిన చెంబులా ఉంటుంది. వీళ్ళు ఆడే పద్ధతిలో అటు ఏడుగురు, ఇటు ఏడుగురు. బంతిని చంకలో పెట్టుకుని ఉరికి, అవతలి గీత దాటి నేలకు ఆనించాలి. అడ్డమొచ్చినవాళ్ళు నడుము పట్టి పడేస్తారు. విచిత్రమేమంటే, చేత్తో బంతి వేయాలంటే వెనకనున్న తనవాళ్ళకే వేయాలి, ముందుకు వేయకూడదు. "ముందుకు పోవాల్నంటె ఎనుకకు ఏసుడేంది?" అని మా అన్న చాలాకాలం గొణిగాడు. నాకు మాత్రం వెంటనే అర్థమైంది. కొనాలని మనసుపడ్డ మనిషి చేసే పని అదే, వెనక్కి తిరిగి మెట్లు దిగడం. బేరంలో నా బతుకంతా అలా వెనక్కి నడవడంతోనే గడిచింది.

మేనకోడలు దేశం జట్టుకు ఎంపికైంది. కొలంబోలో శ్రీలంక జట్టుతో మ్యాచ్. ఆ రెండు జట్లకు పక్కపక్క దుకాణాలకు ఎంత పడుతుందో అంతే పడుతుంది. వాళ్ళ చేతిలో మనవాళ్ళు ఓడిన రోజులున్నాయి, వాళ్ళను ఓడించిన రోజులూ ఉన్నాయి. ఆ మ్యాచ్ ఎట్లా ముగిసిందో చూసినవాళ్ళు చూశారు. నాకు మిగిలింది దాని ముందటి రోజు.

మ్యాచ్‌కు రెండు రోజుల ముందు, ఎండ దిగుతుండగా, ఒక పేపరు విలేకరి దుకాణానికి వచ్చాడు. మీసాలు అప్పుడే నల్లబడుతున్న పిల్లవాడు. మ్యాచ్‌కు ముందు జిల్లా పేజీలో రాయడానికి ఇంటివాళ్ళ మాట కావాలన్నాడు. మా అన్నకు సంతోషం ఎంత అయిందంటే, ఆ పిల్లవాడు కూర్చునే స్టూలును భుజం మీది తువ్వాలతో రెండుసార్లు తుడిచాడు. చాయ్ తెప్పించాడు. మేనకోడలు బంతి పట్టుకుని ఉన్న ఫొటో ఇచ్చాడు. అంతా అయ్యాక ఆ పిల్లవాడు ఫోను ముందుకు చాపి, "సార్, ఎల్లుండి మన జట్టు గెలుస్తదంటరా? మీ అమ్మాయి మీద ఆశలెట్లున్నయి?" అని అడిగాడు.

మా అన్న నోరు దాని అలవాటు చొప్పున అది తెరుచుకుంది.

"ఏం గెలుస్తరు సార్, గా శ్రీలంకోళ్లు గట్టోళ్లు. మనోళ్లు నిలవడితె గదే ఎక్వ. మా పోరి అంటరా, ఏదో ఉరుకుతది. పెద్ద సరుకేం గాదు. ఎవరు దొరక్క తీస్కున్నట్టున్నరు."

గల్లా పక్కన కూర్చుని నేను తలాడించాను. తలాడించడమే కాదు, "అదృష్టం బాగుంటె గెలుస్తరేమో" అని నా వంతు నేనూ కలిపాను. మాకు ఏ తప్పూ వినిపించలేదు. ఆ మాటల్లో ఎంత గర్వం ఉందో మా బజారులో ఎవరిని అడిగినా చెబుతారు. కాని ఆ పిల్లవాడిది మా బజారు కాదు. గజ్వేల్‌లో టీచర్ల ఇల్లు. వాళ్ళింట్లో ఎన్ని మార్కులు వస్తే అన్నే చెబుతారట. తర్వాత తనే అన్నాడు ఆ సంగతి.

మర్నాడు పేపరు వచ్చింది. మేనకోడలి ఫొటో పెద్దగా వేశారు. పైన లావు అక్షరాలతో, "పెద్ద ఆశలేం లేవు: క్రీడాకారిణి తండ్రి". కింద, మా అన్న చెప్పింది ఒక్క ముక్క పోకుండా, సరుకుతో సహా.

పొద్దున్నే ఆ పేపరు పట్టుకుని గాజుల దుకాణం సేటు రోడ్డు దాటి వచ్చాడు.

"ఏందన్నా, బిడ్డకు గింత తక్వ రేటు పెట్టినవు? జెర పెంచి చెప్తె పోయేదేముండె?"

"నీకు అర్థమైంది గద," అన్నాడు మా అన్న.

"నాకైతది. పేపరు సదివెటోళ్లంత నాలెక్క గాజులమ్ముతరా?"

అన్న నవ్వాడు కాని, ఆ నవ్వు చివరిదాకా రాలేదు. పేపరును నాలుగు మడతలు పెట్టి గల్లా కింద పెట్టాడు. గిన్నెలు చుట్టడానికి రోజూ పాత పేపర్లు చింపే చెయ్యి ఆ రోజు ఆ ఒక్క పేపరు జోలికి పోలేదు.

నేను మధ్యాహ్నం దుకాణంలో అడుగు పెడుతుండగానే మేనకోడలి ఫోను. కొలంబో నుంచి. నేను మాట అందుకోకముందే, "అత్తా, పక్కన బాపు ఉన్నడా?" అంది. అన్న లోపల లావు మూకుళ్ళు దించుతున్నాడు. లేడన్నాను, బయటి మెట్ల మీదికి వచ్చి కూర్చున్నాను.

"పేపరు సూసిన. కాలేజి దోస్తు పంపింది."

"నీకు తెల్వదా బిడ్డా మీ బాపు సంగతి," అన్నాను. గొంతులో బేరానికి వాడే తియ్యదనం నాకే వినిపించింది. "ఆయన తక్వ జేసి మాట్లాడిండంటె..."

"ఎర్కేనత్తా. నేను దుకాణంలనే పెరిగిన గద. నాకైతె నవ్వొచ్చింది. నా బాధ గది గాదు. మా జట్టు పిల్లలు ఫొటో సూసిన్రు. ఒకామెది మణిపురు, ఒకామెది ఒడిశా. తెలుగు రాదు గద. మీ నాయిన ఏం జెప్పిండు, సదువు సదువు అని నా సుట్టు జేరిన్రు. ఏమని సదువాలె? పెద్ద సరుకు గాదన్నడని చెప్పాల్నా?"

"మరేం జేసినవు?"

"అబద్ధం సదివిన. నా బిడ్డ అందర్ల మంచిగ ఆడుతది, తనున్న జట్టు గెలుస్తది అని చెప్పిండని సదివిన. వాళ్లు సప్పట్లు కొట్టిన్రు. మణిపురామె అయితె ఏడ్చింది, వాళ్ల నాయిన లేడు." అటు నుంచి ముక్కు ఎగబీల్చిన చప్పుడు. "అత్తా, నాకు గా మాట నిజంగ ఇప్పియ్యి. ఒక్కసారి. పొద్దుగూకినంక మా మేనేజర్ మేడమ్ ఫోన్లు తీస్కుంటది. రేపు ఆట అయ్యేదాక ఇయ్యది."

నా దగ్గరికి బేరానికి ఎంతోమంది వచ్చారు. చీరలు, బంగారం, బోరుబావి మోటార్లు, ఒకసారి ఎర్రవల్లి నుంచి వచ్చినవాళ్ళకు పాత ట్రాక్టరు కూడా. ఒక తండ్రి నోట్లోంచి ఒక మాట ఇప్పించమని ఎవరూ అడగలేదు. సరేనన్నాను. అని, లేవబోతే మోకాలు పట్టేసింది. అక్కడే మెట్టు మీద కాసేపు కూర్చుండిపోయాను. ఎదురుగా కొనేవాళ్ళు, అమ్మేవాళ్ళు, అందరూ ఒకరికొకరు మనసులో ఉన్నదానికంటే తక్కువ చెప్పుకుంటూ పోతున్నారు. నేనూ అంతే. మా ఆయన తను వండిన కూర ఎట్లుందని అడిగినా, "తినొచ్చు" అంటాను. ఎన్నేళ్ళుగా ఇట్లా? దీనికి అలుపు రాకుండా ఎట్లా ఉంటుంది?

ముందు విలేకరికి ఫోను చేశాను. ఇంకో ముక్క వేయొచ్చా అని అడిగాను. "మీరు చెప్పిందే రాసిన గద మేడమ్," అన్నాడు పాపం, భయపడి. "మా ఇంట్ల ఎన్ని మార్కులొస్తె గన్నే చెప్తరు. మీరు తక్వ చెప్పిన్రని నాకేమెర్క?" ఆ పిల్లవాణ్ణి తిట్టడానికి నా దగ్గర ఏమీ లేదు. అదీకాక పేపరులో వస్తే రేపు పొద్దున వస్తుంది. నాకు కావలసింది ఈ సాయంత్రానికి.

లోపలికి పోయి అన్నకు మొత్తం చెప్పాను. అబద్ధం చదివిన సంగతి చెప్పినప్పుడు చేతిలోని మూకుడు కింద పెట్టాడు. చాలాసేపు దాని అంచు తుడిచాడు.

"గట్లనే చదివిందా?"

"గట్లనే. ఇగ నువ్వు ఫోన్ల గదే అను. అయిపోతది."

"అన."

"ఎందుకనవు?"

"నీకు ఎర్క లేనట్టు అడుగుతవేంది చెల్లె?"

ఎరుకే. ఇంటర్ చదివేటప్పుడు ఆ పిల్ల కబడ్డీలో జిల్లా జట్టుకు ఎంపికైన రోజు, మా అన్న ఒకే ఒక్కసారి నోరు జారాడు. ఇంటికొచ్చిన చుట్టాల ముందు, "నా బిడ్డ పులి" అన్నాడు. మర్నాటి ఆటలోనే పిల్ల భుజం ఎముక విరిగింది. దవాఖానలో బెంచీ మీద కూర్చుని, విరగ్గొట్టింది అవతలి పిల్ల కాదు, నా నోరే అన్నాడు. అందరం ఓదార్చడానికి కాదన్నాం. ఆయన నమ్మింది మాత్రం నమ్మాడు. అప్పటినుంచి ఆ పిల్ల గురించి ఎవరు అడిగినా మరీ కిందికి దించి చెబుతాడు. విలేకరికి చెప్పింది ఉత్త అలవాటు కాదని, అందులో సగం కాపలా అని నాకు అప్పుడు తట్టింది.

"బొక్క ఇరిగేది మాటకు గాదన్నా. పట్టి పడేస్తె ఇరుగుతది. గా ఆటల రోజూ పట్టి పడేస్తరు, నువ్వు మెచ్చుకున్నా పడేస్తరు, మెచ్చుకోకున్నా పడేస్తరు."

"గందుకే నా దిక్కు నుంచి ఇంకోటి ఎందుకు కలుపుడు?"

ఇక బేరం మొదలైంది. నా బతుకులో ఇంత ఇష్టం లేకుండా చేసిన బేరం ఇంకోటి లేదు.

"పోనీ ఏమంటవో నువ్వే చెప్పు," అన్నాను.

"మంచిగ తినుమంట."

"గది వాళ్లమ్మ చెప్తది."

"పైలంగ, దెబ్బ తాకకుండ ఆడుమంట."

"గది పక్కింటోళ్లు గూడ చెప్తరు."

నెత్తి గోక్కున్నాడు. "మంచిగనే ఆడుతవు, గాని..."

"గాని తీసెయ్."

"గాని తీసేస్తె ఏముంటదే?"

"గాని తీసేస్తె ఏముంటదో గదే గావాలె పిల్లకు."

లోపలి నుంచి మా వదిన వచ్చి తలుపు పట్టుకుని నిలబడింది. అంతా విన్నట్టుంది. "పసిపిల్లప్పుడు ఎత్తుకొమ్మంటె ఎత్తుకుంటిరి. ఒక్క మాట అనుమంటె గింత రందా?" అని, సమాధానం కోసం ఆగకుండా లోపలికి పోయింది. అన్న ఆ తలుపు వైపే చూస్తూ ఉండిపోయాడు. నేను ఇంకేమీ అనలేదు. బేరంలో నాకు తెలిసిన ఆఖరి పని మాట్లాడకుండా కూర్చోవడం. ఆ రోజు అది తెలివితో చేయలేదు, ఓపిక లేక చేశాను.

ఎండ బజారు మీంచి జరిగి గాజుల దుకాణం బోర్డు మీదికి ఎక్కింది. మేనకోడలే మళ్ళీ ఫోను చేసింది. ఎత్తి అన్న చేతిలో పెట్టాను. ఆయన దాన్ని చెవికి ఆనించకుండా, వేడి గిన్నె పట్టుకున్నట్టు మొహానికి దూరంగా పట్టుకున్నాడు. స్పీకరు నొక్కాను.

"తిన్నవా బిడ్డా?"

"తిన్న బాపూ."

"కాళ్లు నొస్తున్నయా?"

"లేదు."

అటువైపు ఆడపిల్లలు ఏదో పాడుకుంటున్నారు. అప్పుడు మా అన్న ఉన్నట్టుండి శ్రీలంక జట్టు గురించి మొదలుపెట్టాడు.

"వాళ్ల జట్టుల జుట్టు పొట్టిగ కత్తిరిచ్చుకున్న పిల్ల ఉంటది సూడు, గామె బంతి అందంగనే ఎడమ దిక్కే తిరుగుతది. ఎన్ని ఆటలు సూసినా గంతే. ముందే గా దిక్కు నిలవడు. ఇంకోటి, మనోళ్లు రెండో సగంల దమ్ము పట్టలేక పట్టు ఇడుస్తున్నరు. అప్పుడే వాళ్లు గీత దాటుతున్నరు. దమ్ము దాసుకోవాలె..."

నేను నోరు తెరుచుకుని చూస్తున్నాను. మధ్యాహ్నాలు గిరాకీ లేనప్పుడు ఫోను మోకాళ్ళ మధ్య దాచుకుని ఏం చూస్తాడో నాకు తెలియదు. అడిగితే స్టీలు రేట్లు అనేవాడు.

"గదంత మా సార్ చెప్పిండు బాపూ," అంది అటునుంచి. గొంతు మెత్తబడింది కాని, వదలలేదు. "నా ముచ్చట చెప్పు."

అన్న నా వైపు చూశాడు. నేను చూపు తిప్పేసుకున్నాను, ఇందులో ఇంక నాకు పనిలేదు.

"నువ్వు," అని ఆగాడు. తువ్వాలతో మూతి తుడుచుకున్నాడు. "నువ్వు అందర్ల మంచిగ ఆడుతవు బిడ్డా. నువ్వున్న జట్టు గెలుస్తది. నాకు నమ్మకమున్నది."

"గాని" రాలేదు. అది వస్తుందని నేనూ, బహుశా ఆయన కూడా, ఎదురుచూశాం.

అటు వేరే పిల్ల గొంతు దగ్గరగా వినిపించింది, ఏమంటున్నారు, ఏమంటున్నారు అని హిందీలో. మేనకోడలు కాసేపటికి జవాబిచ్చింది: "వహీ. జో పేపర్ మే హై, వహీ బోల్ రహే హై." పేపర్లో ఉన్నదే మళ్ళీ చెబుతున్నాడని. "ఇగ ఫోన్ ఇచ్చెయ్యాలె బాపూ. రేపు సూడు," అని పెట్టేసింది.

అన్న ఫోను గల్లా మీద పెట్టాడు. "మీ వదినకు చెప్పు, దిష్టి తియ్యుమను," అన్నాడు.

"పిల్ల కొలంబోల ఉన్నదన్నా."

"పేపర్ల ఫొటో ఉన్నది గద. దానికే తియ్యుమను."

గల్లా కింద మడత పెట్టిన పేపరు తీసి ఇచ్చాడు. లోపలికి పోయి వదినకు ఇచ్చాను. ఏమీ అడగకుండా ఉప్పు డబ్బా, ఎండుమిరపకాయలు తీసుకుంది. నవ్వుతుందేమో అనుకున్నాను. నవ్వలేదు. ఫొటో మీద లావు అక్షరాల భాగాన్ని వెనక్కి మడిచి, పిల్ల మొహం ఒక్కటే పైకి కనిపించేటట్టు పెట్టుకుంది.

నేను తిరిగి వచ్చేసరికి దుకాణంలో ఒకామె నిలబడి ఉంది. చేతిలో సంచి చూస్తే బస్సు దిగి నేరుగా వచ్చినట్టుంది. అరుగు మీది టిఫిన్ డబ్బా ఎత్తి ఎంతని అడిగింది. మా అన్న ఆఖరి ధర చెప్పాడు. సాయంత్రం దాకా లాగి లాగి చివరికి దిగవలసిన ధర, మొదటి మాటకే.

ఆమె సగానికి అడగడానికి నోరు తెరిచి, తెరిచినట్టే ఉండిపోయింది. డబ్బా తిప్పి అడుగు చూసింది. మూత తీసి లోపల చూసింది. "ఏమన్న సొట్టగిట్ట ఉన్నదా?" అంది.

"ఏం లేదక్కా. మంచి మాలు," అన్నాడు అన్న. ఆయన చూపు డబ్బా మీద లేదు.

ఆమెకు అనుమానం ముదిరింది. డబ్బాను తీసినచోటే, చప్పుడు కాకుండా పెట్టి, మెట్లు దిగింది. చివరి మెట్టు మీద ఒక క్షణం ఆగింది, పిలుస్తామని. అలా ఆగినవాళ్ళను వెనక్కి పిలవడమే ఇన్నేళ్ళుగా నా పని. నేను పిలవలేదు. గోడకు ఆనుకుని కాళ్ళు చాపుకున్నాను. లోపలి నుంచి మిరపకాయలు కాలుతున్న ఘాటు వచ్చి, మా ఇద్దరికీ దగ్గు మొదలైంది.